లారీకి నీతులు, టెండరుకు డీజిల్

ఎలక్ట్రిక్ వాహనాల కొనుగోలుకు రాయితీ ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకంలో లారీలకు గడువును కేంద్రం 2028 మార్చి 31 దాకా పొడిగించింది. పొడిగించింది గడువునే, 10,900 కోట్ల రూపాయల మూట మాత్రం పాతదే. అందులో లారీల వాటా 500 కోట్లు, లక్ష్యం దేశం మొత్తానికి 5,600 బళ్లు. పథకం 2024 అక్టోబరు 1న మొదలైతే లారీలకు నిబంధనలు 2025 జులై 11న గానీ వెలువడలేదు. ఆ రోజు భారీ పరిశ్రమల మంత్రి కుమారస్వామి చెప్పిన లెక్క గుర్తుండే ఉంటుంది: వాహనాల్లో 3 శాతమే ఉన్న డీజిల్ లారీలు రవాణా రంగపు హరితగృహ వాయువుల్లో 42 శాతానికి కారణమట.

సరే. ఆ లారీలను కిరాయికి పెట్టుకుంటున్నది ఎవరు? గని నుంచి రైల్వే సైడింగుకు బొగ్గు, రేవు నుంచి స్టాక్‌యార్డుకు ఖనిజం, థర్మల్ కేంద్రం నుంచి బూడిద. ఈ తోలకాల్లో పెద్ద ఆసాములు ప్రభుత్వ రంగ సంస్థలే. లారీ యజమానికి పర్యావరణ పాఠం చెప్పే సర్కారే, సరకు తోలించుకునే వేళకు డీజిల్ లెక్కతో టెండరు పిలుస్తోంది. మా అభ్యంతరం ఈ రెండు నాలుకల మీదే.

ఆ టెండరు ఎలా ఉంటుందో చూడండి. రేటు టన్ను-కిలోమీటరుకు. తక్కువకు వేసినవాడిదే పని. కాంట్రాక్టు సాధారణంగా రెండు మూడేళ్లు. డీజిల్ ధర పెరిగితే ఆ మేరకు రేటు పెంచి ఇచ్చే ఎస్కలేషన్ క్లాజు ఒకటి. అంటే డీజిల్ మండినా కాంట్రాక్టరుకు చెమట పట్టదు, తేడా ప్రభుత్వ సంస్థే భరిస్తుంది. చమురుకు ఇంతకన్నా గట్టి గొడుగు ఇంకేం కావాలి?

ఇప్పుడు ఎలక్ట్రిక్ బండి లెక్క. 55 టన్నుల డీజిల్ ట్రైలర్ లారీ లోడుతో లీటరుకు రెండున్నర, మూడు కిలోమీటర్లు పోతుంది. లీటరు 95 రూపాయల పైనే కనుక కిలోమీటరుకు 32 నుంచి 38 రూపాయలు. అదే బండి కరెంటు మీద, ఛార్జింగులో పోయేది కలుపుకొని, కిలోమీటరుకు ఒకటిన్నర యూనిట్లు తాగుతుంది. సొంత యార్డులో యూనిట్ 8 రూపాయలకు పడితే కిలోమీటరు ఖర్చు 12 రూపాయలు. రోడ్డు పక్క ఛార్జరులో యూనిట్ 20 అయితే 30 రూపాయలు. అప్పుడు మిగిలేది టీ ఖర్చే. కాబట్టి లాభమంతా ఛార్జరు ఎవరి యార్డులో ఉందన్న దాని మీదే ఉంది. సొంత యార్డులో కిలోమీటరుకు 20 రూపాయలు మిగిలితే రోజుకు 200 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజుల చొప్పున 12 లక్షలు. డీజిల్ బండి 45 లక్షలు, ఎలక్ట్రిక్‌ది కోటీ పది లక్షలు అనుకుంటే తేడా 65 లక్షలు. రాయితీ తొమ్మిది లక్షల చిల్లర తీసేసినా, వడ్డీ కలపకుండానే, తేడా పూడటానికి నాలుగున్నరేళ్లు దాటుతుంది. చేతిలో ఉన్నదేమో రెండేళ్ల కాంట్రాక్టు! ఏ బ్యాంకు అప్పిస్తుంది?

కొత్త సాంకేతికతకు తొందరపడి ప్రజాధనం ధారపోయరాదనీ, తక్కువ రేటు నియమాన్ని దాటితే ఆడిట్ అభ్యంతరాలు వస్తాయనీ అధికారులు అంటారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ డీజిల్‌కు ఎస్కలేషన్ క్లాజు రాసిన చేత్తోనే ఏడేళ్ల గడువు రాయడానికి, కరెంటు ధరతో ముడిపెట్టిన రేటు రాయడానికి ఏ ఆడిటరూ అడ్డు రాడు. అసలు అడ్డు యార్డులోని కరెంటు లైను. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇరవై లారీల యార్డుకు ఏం కావాలి? రోజుకు ఒక్కో బండికి 300 యూనిట్ల చొప్పున 6,000 యూనిట్లు. 240 కిలోవాట్ల ఛార్జర్లు నాలుగు ఉంటే, ఒక్కొక్కటి రోజుకు ఎనిమిది గంటల లోపే పనిచేసినా ఇరవై బళ్లూ నిండుతాయి. అయితే షిఫ్టు మారే వేళకు అన్నీ ఒకేసారి వచ్చి నిలబడితే క్యూ తప్పదు. వేబ్రిడ్జి దగ్గర, లోడింగు దగ్గర బళ్లు ఎలాగూ గంటల తరబడి కాచుకుంటాయి. ఛార్జర్లు పెట్టాల్సింది అక్కడ, గేటు బయట కాదు. నాలుగూ కలిసి నడిస్తే మెగావాట్ పైచిలుకు లోడు. 11 కేవీ హెచ్‌టీ (అధిక వోల్టేజీ) లైను, సొంత ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఒప్పంద లోడు 1,500 కేవీఏ దాటితే 33 కేవీకి పోవాలి. దీన్ని రెండేళ్ల కాంట్రాక్టరు తన డబ్బుతో వేసుకోవాలట!

వేశాకా తిప్పలే. బొగ్గు దుమ్ము ఛార్జరు గాలి వడపోతలను మూసేస్తుంది. లోపల వేడెక్కి, మే నెల ఎండలో 240 ఇవ్వాల్సిన యంత్రం సగమే ఇస్తుంది. బండికి తగిలించే ఛార్జింగు గన్ పిన్నుల మీద దుమ్ము పేరుకుంటే ఆ అతుకు వేడెక్కుతుంది. గన్‌లోని ఉష్ణోగ్రత సెన్సరు కరెంటు తగ్గిస్తుంది, లేదా పూర్తిగా ఆపేస్తుంది. డ్రైవరు బండి చెడిపోయిందంటాడు. చెడింది బండి కాదు, వారానికోసారి గన్ తుడవాలని, వడపోత మార్చాలని ఎవరి ఒప్పందంలోనూ రాయకపోవడం.

రోడ్డెక్కని యంత్రాల మాట ఇక సరేసరి. ఈ రాయితీ రిజిస్ట్రేషన్ అయిన ఎన్‌2, ఎన్‌3 తరగతుల (మధ్యస్థ, భారీ) లారీలకే. గనిలో డంపర్లు, ఎక్స్‌కవేటర్లు, లోడర్లు లెక్కలోకే రావు. కొండ మీది గనిలో నిండు ఎలక్ట్రిక్ డంపర్ కిందికి దిగుతూ బ్రేకుల నుంచే బ్యాటరీని నింపుకుంటుంది. సింగరేణి ఓపెన్‌కాస్టులో నిండు బండి పైకి ఎక్కాలి, ఖాళీ బండి దిగాలి. ఆ లాభం దాదాపు ఉండదు, బ్యాటరీ పెద్దది కావాలి. గనిని బట్టి లెక్క మారుతుందన్న ఈ మామూలు సంగతి కూడా పథకం రాసినవారికి పట్టలేదు.

హైడ్రోజన్ బళ్ల సంగతి మరో ముచ్చట. 37 బళ్లు, 9 ఇంధన కేంద్రాలు, 208 కోట్లతో 2025 మార్చిలో ప్రకటించిన ప్రయోగంలో విశాఖపట్నం–బయ్యవరం రోడ్డు కూడా ఉంది. ప్రయోగం చేయొద్దని మేము అనడం లేదు. కానీ కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైన కరెంటు పోతుంది. దాన్ని బండిలో మళ్లీ కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్ తిరిగి ఇచ్చేది 17 యూనిట్ల చుట్టుపక్కలే. రేవు చుట్టూ రోజూ అదే బాటలో తిరిగే బండికి ఇది అవసరమా? దూరప్రయాణాలకు దాచుకోవాల్సిన మందును జలుబుకు వాడుతున్నారు.

అన్నిటికన్నా మండించేది తుక్కు షరతు. రాయితీ కావాలంటే పాత లారీని తుక్కు చేసిన ధ్రువపత్రం చూపాలి. ఒకటి రెండు లారీలున్నవాడికి ఆ పాత బండే జీవనాధారం. కొత్తది సంపాదించి పెట్టకముందే దాన్ని ముక్కలు చేయాలన్నమాట. అది కుదరకపోతే ఇంకొకరి ధ్రువపత్రం కొనుక్కోవాలి. ఇంతటి త్యాగాన్ని చిన్న యజమాని నుంచి కోరే ప్రభుత్వం, తన సంస్థల టెండర్లలో ఒక్క క్లాజు మార్చుకోవడానికి ఎందుకు జంకుతోంది?

ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ రెండేళ్లలో 150 ఎలక్ట్రిక్ లారీలు తీసుకుంటుందని, కిరాయి వాహనాల్లో 15 శాతం విద్యుత్‌వే ఉంటాయని లారీల నిబంధనలు వెలువడిన నాడే చెప్పారు. మంచిదే. ఉక్కు శాఖ కూడా కుమారస్వామి చేతిలోనే ఉంది. విశాఖ ఉక్కు ఆ శాఖ కిందిదే. అక్కడి తర్వాతి రవాణా టెండరులో ఏడేళ్ల గడువు, యార్డులో సంస్థ ఖర్చుతో వేసిన 11 కేవీ లైను రాయించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదీ చేయించలేని మంత్రికి, అనకాపల్లి లారీ యజమాని దగ్గరికొచ్చి నీ బండి తుక్కు చెయ్యి అనే హక్కు ఎక్కడిది?