మనవరాలికి చైనీస్, ఊళ్లో పిల్లలకి ఇంగ్లీషేనా?

2017 నవంబర్లో బీజింగ్ వెళ్లినప్పుడు ట్రంప్ గారు తన మనవరాలు చైనీస్‌లో పాడిన వీడియోని షీ జిన్‌పింగ్‌కి ట్యాబ్‌లో చూపించి తెగ మురిసిపోయారు. తప్పేం లేదు, ఏ తాతైనా మురుస్తాడు. అదే పెద్దమనిషి 2025 మార్చి 1న ఇంగ్లీషే దేశ అధికార భాష అని సంతకం పెట్టేశారు, ఆ నెలలోనే విద్యాశాఖలో ఇంగ్లీష్ రాని పిల్లల్ని చూసుకునే ఆఫీసుని దాదాపు ఖాళీ చేయించారు, ఆగస్టుకల్లా ఆ పిల్లల కోసం 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ఎత్తేశారు, పైగా వాళ్ల చదువుకి ఏటా వెళ్లే సుమారు 89 కోట్ల డాలర్లు కూడా ఆపేద్దామని బడ్జెట్‌లో ప్రతిపాదించారు. ఇంగ్లీషే గొప్పదంటూ ఇంగ్లీష్ నేర్పే డబ్బుకే కోత పెట్టడం ఏం లెక్కో!

వైట్‌హౌస్‌కి నాలుగు కిలోమీటర్లలోపే ఆయ్‌స్టర్-ఆడమ్స్ అనే సర్కారు బడి ఉంది. 1971 నుంచీ అక్కడ ఇంగ్లీష్, స్పానిష్ రెండిట్లోనూ పాఠాలు. పెద్ద తరగతులు నడిచే ఆడమ్స్ బిల్డింగ్ ఒకప్పుడు తెల్లవాళ్ల పిల్లలకే, పక్కనున్న మోర్గన్ బడి నల్లవాళ్లకి, ఆ రెండు పేర్లూ కలిపే ఆ పేటకి ఆడమ్స్ మోర్గన్ అని పెట్టుకున్నారు. ఇప్పుడక్కడ ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలూ, ఇంగ్లీష్ తప్ప తెలియని ఇళ్ల పిల్లలూ ఒకే క్లాసులో కూర్చుంటారు. ఇలాంటి బడుల్లో సీటు కోసం ఉన్నోళ్లు కూడా లాటరీలో పేరిచ్చి ఎదురుచూస్తారు. వాళ్ల పిల్లలు స్పానిష్ మాట్లాడితే టాలెంట్ అంటారు, వలసొచ్చిన ఇంటి పిల్లాడు మాట్లాడితే మాత్రం అది జబ్బు, ఇంగ్లీష్‌తో నయం చేయాలట.

దేశానికి ఉమ్మడి భాష ఒకటుండాలి అంటారు కొందరు, సరే, కాదనం. కానీ ఈ బడులు ఇంగ్లీష్ మానేశాయా? ఆయ్‌స్టర్-ఆడమ్స్‌లో చదువు సగం అందులోనేగా!

అందరికీ ఒకే పుస్తకం పంచినంత మాత్రాన సమానంగా చదువు చెప్పినట్టు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీష్ రాని చైనా పిల్లల కేసులో తేల్చింది. అయినా కాలిఫోర్నియా ఓటర్లు 1998లో రెండు భాషల చదువుకి అడ్డుకట్ట వేశారు, 2016లో 73 శాతం ఓట్లతో ఆ అడ్డుకట్టని మళ్లీ వాళ్లే తీసేశారు. మధ్యలో నలిగిన 18 ఏళ్ల పిల్లల సంగతి ఎవడడిగాడు? ఇప్పుడదే తప్పు దేశం మొత్తం మీద రుద్దుతున్నారు. ట్రంప్ గారికి ఓట్లు కావాల్సొచ్చినప్పుడు మాత్రం స్పానిష్ యాడ్లు కావాలి, గెలిచి కుర్చీ ఎక్కిన వారంలోపే వైట్‌హౌస్ స్పానిష్ వెబ్‌సైట్ మాయం! మనవరాలి చైనీస్ మాత్రం ముద్దు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్తగా దిగిన మన తెలుగింటి పిల్లాడికి ఇంగ్లీష్ అందకపోతే వాడూ ఇదే లెక్కలోకి వస్తాడు. ఇంగ్లీషే అధికార భాష అన్న ఆ ఆర్డర్ చూసి మనకేంలే, అది స్పానిష్ వాళ్ల గొడవ అని చప్పట్లు కొట్టే మనవాళ్లు కాస్త సిగ్గు తెచ్చుకోండి, రేపు కోత పడేది మీ పిల్లాడి క్లాసుకి కూడా.