ఆరుద్ర దూరం ఒక్క అంకెలో తేలదు

ఆరుద్ర మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ ఆరుద్ర నక్షత్రం (బెటెల్‌గ్యూస్) 640 కాంతి సంవత్సరాల (వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం) దూరంలో ఉందని అందులో ఒక్క ముక్కలో తేల్చేశారు. దాని కథంతా ఆ అంకె తేలకపోవడంలోనే ఉందండీ. 1990ల్లో చుక్కల దూరాలు కొలిచిన హిప్పార్కస్ ఉపగ్రహం లెక్క 430 దగ్గర వచ్చింది, 2008లో 640 అన్నారు, 2020లో 548కి దించారు. కారణం చిత్రమైనది. దూరం కొలవాలంటే భూమి అటూ ఇటూ తిరిగేటప్పుడు చుక్క ఎంత జరిగినట్టు కనిపిస్తుందో చూడాలి. ఆరుద్ర బింబమేమో ఆ జరుగుడు కంటే కొన్ని రెట్లు పెద్దది, పైగా దాని మీద వెలుగు మచ్చలు మారుతూ ఉంటాయి. ఇక నడిమధ్య ఎక్కడని పట్టుకుంటారు?

ఆ బింబాన్ని 1920లో మైకెల్సన్, పీజ్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో కొలిచారు. శ్రీకాకుళంలో పెట్టిన రూపాయి బిళ్ళ విశాఖ నుంచి ఎంత కనిపిస్తుందో, దాదాపు అంత! దూరం మారితే సైజూ మారుతుంది. 548 అనుకుంటే వెడల్పులో సూర్యుడికి సుమారు 760 రెట్లు. సూర్యుడి చోట పెడితే అంగారకుడు కూడా లోపలే.

మొన్న సంక్రాంతికి కళింగపట్నం ఒడ్డున మా మనవరాలికి చూపించాను. ఓరియన్ చుక్కల గుంపులోని మూడు చుక్కల వరసకి ఎడమ పక్కన, నిప్పుకణికలా ఎర్రగా ఉంది. "తాతా, ఈ వెలుగు ఎప్పటిది?" అంది. గజపతులు మన కళింగాన్ని ఏలుతున్నప్పుడు బయల్దేరిందమ్మా అన్నాను. ఆరుద్ర కార్తెలో మాత్రం వెతక్కండి, అప్పుడు సూర్యుడు దాని పక్కనే ఉంటాడు.