వర్ధంతి సరే, పుస్తకం ఎక్కడ?

తిరుపతిలో ఒక రచయిత పోతే ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పడం తేలిక. మధ్యాహ్నానికల్లా వాట్సాప్ స్టేటస్‌ల నిండా ఆయన ఫొటో. వారంలో సంతాప సభ. ఏడాది తిరిగాక ఆయన పేరిట ఒక పురస్కారం, ఒక శాలువా. ఆ సభకొచ్చిన కాలేజీ పిల్లవాడు ఆయన పుస్తకం కొందామని అడిగితే మాత్రం "ఇప్పుడు ప్రింట్‌లో లేదు బాబూ" అంటారు. మరిచిపోవడం మొదలయ్యేది అక్కడే.

ఈ సంగతి వేరే ఊళ్లకంటే మన ఊరికే బాగా తెలిసుండాలి. అన్నమయ్య 1503లో కన్నుమూశారు. ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలోని సంకీర్తనా భాండారంలో శతాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో అవి బయటికొచ్చాక వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు కూర్చుని పరిష్కరించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్నిటికి స్వరాలు కట్టారు. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. ఆ పైన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటి వాళ్ల గొంతులో అవి ఇంటింటికీ చేరాయి. ఉత్సవాలు జరపడం మంచిదే. కానీ అన్నమయ్య మనకు దక్కింది రేకులు చదివి, ప్రూఫులు దిద్దిన వాళ్ల వల్ల.

1817లో పోయిన తరిగొండ వెంగమాంబ సంగతి ఇంకోలా ఉంది. తిరుమల అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు కాబట్టి రోజూ వేలమంది ఆ బోర్డు కింద నుంచే లోపలికి వెళతారు. తృప్తిగా తిని వచ్చిన వాళ్లలో ఆమె రాసిన 'వేంకటాచల మాహాత్మ్యం' తెరిచి చూసినవాళ్లు ఎందరుంటారు? (నిజం చెప్పాలంటే, ఆ భోజనం పెట్టడం కూడా గొప్ప గౌరవమే. దాన్ని తక్కువ చేయను.)

ఇక మన కాలపు వాళ్లు. దామలచెరువు మధురాంతకం రాజారాం బడిపంతులుగా పనిచేస్తూ ఈ జిల్లా పల్లెల్ని కథల్లోకి తెచ్చారు, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు, 1999లో వెళ్లిపోయారు. ఆయన అదృష్టం, కొడుకు నరేంద్ర కూడా రచయితే, 2022లో ఆయనకూ అదే అకాడమీ అవార్డు వచ్చింది. అందరి ఇళ్లూ అలా ఉండవు. పిల్లలు దూరదేశాల్లో ఉంటారు, ఇల్లు అద్దెకిస్తారు, పాత వారపత్రికల కట్టలు కాటాకి పోతాయి. కాళీపట్నం రామారావు తన అవార్డు డబ్బుతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టారు కాబట్టి చాలా కథలు బతికాయి. చిత్తూరు కథ తొలి అచ్చు కోసం రాష్ట్రం ఆ చివరికి పోవాల్సి రావడం మనకేమీ గర్వకారణం కాదు.

బొమ్మలు వేసిన వాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. వారపత్రికలో కథ పక్కనే బొమ్మ ఉంటుంది. అదే కథ సంపుటిలోకి వచ్చేసరికి బొమ్మ ఎగిరిపోతుంది. కత్తి పట్టి, శవాన్ని భుజానేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ చందమామ చదివిన వాళ్లందరికీ గుర్తే. అది వేసిన శంకర్ 2020లో, 90 ఏళ్లు దాటిన వయసులో పోయినప్పుడు, ఆయన పేరు మొదటిసారి విన్నవాళ్లు నాకు చాలామందే తగిలారు. తరాల బాల్యానికి రూపం ఇచ్చిన మనిషికి ఆ గుర్తింపు చావు వార్తతోనా రావాలి?

చట్టం కూడా ఇక్కడ అడ్డొస్తుంది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవి. రాజారాం కథల్ని ఎవరినీ అడగకుండా వేసుకోవాలంటే 2060 దాకా ఆగాలి. అందుకే రచయితలు బతికుండగానే, పుస్తకం ఇన్నేళ్లు అచ్చులో లేకపోతే ఫలానా గ్రంథాలయమో, విశ్వవిద్యాలయమో వేసుకోవచ్చని కాగితం రాసి పెట్టాలి. శాలువాలు కప్పే సంఘాలు ఈ కాగితం రాయించే పని చేస్తే చాలు. చిత్రకారుల విషయంలో ముందు బొమ్మ కింద పేరు వేయించాలి. ఎవరు వేశారో తెలియని బొమ్మకైతే చట్టం ఆ 60 ఏళ్లను మనిషి పోయిన ఏడాది నుంచి కాదు, బొమ్మ అచ్చయిన ఏడాది నుంచే లెక్కగడుతుంది. పేరు లేకపోతే హక్కులూ ముందే తీరిపోతాయన్నమాట.