ఆదాయానికి గండి మూడో తరగతిలోనే

చదువుకుంటే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయన్నది ఇంట్లో పెద్దల మాట. ఆర్థికవేత్తలు దాన్ని లెక్క కూడా కట్టారు. బడిలో గడిపిన ఒక్కో ఏడాదికీ సంపాదన సగటున 9 శాతం వరకు పెరుగుతుందని ప్రపంచవ్యాప్త అంచనా. అయితే అది చదువు తెచ్చిన ఆదాయమేనా? కలిగిన ఇంటి పిల్లలే ఎక్కువ చదివి, ఎక్కువ సంపాదిస్తున్నారేమో! అనుమానం సబబైనదే.

ఇండోనేషియా అనుభవంలో దీనికి గట్టి జవాబు దొరికింది. 1970ల్లో చమురు డబ్బుతో ఆ దేశం 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఒకే జిల్లాలో అన్న అప్పటికే బడి ఈడు దాటిపోయాడు, తమ్ముడికి కొత్త బడి అందింది. బడులు ఎక్కువగా వచ్చిన జిల్లాల్లో ఈ రెండు వయసుల వారి మధ్య తేడాను, తక్కువగా వచ్చిన చోట్ల తేడాతో ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో పోల్చి చూశారు. 2001లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, అదనంగా చదివిన ఏడాదికి వేతనం దాదాపు 7 నుంచి 11 శాతం పెరిగింది. ఊరికి బడి రావడమే కొందరి సంపాదనను మార్చిందన్నమాట.

మరి బడికి వెళ్లినా మారని వారి సంగతి? నన్ను కలవరపెట్టేది ఇదే. మూడో తరగతి పిల్ల పాఠం గడగడా అప్పజెబుతుంది. ఆమె వేలు చూడండి: నోరు పేరా చివరికి చేరినా, వేలు ఇంకా రెండో వరుసలోనే ఉంటుంది. ఆమె చదవడం లేదు, కంఠస్థం చేసింది. అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 53 శాతం మంది చిన్న కథ కూడా చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని 2019లో ప్రపంచ బ్యాంకు చెప్పింది. వీళ్లలో చాలామంది బడిలో ఉన్నవాళ్లే!

ఉద్యోగమిచ్చేవారికి చదువు పట్టా సత్తాకు గుర్తుగా పనికొస్తుందని ఆర్థికవేత్త మైఖేల్ స్పెన్స్ 1973లోనే వాదించారు. నిజమే, కానీ అది గుమ్మం దాటించేవరకే. ఆ తర్వాత జీతం పెరిగేది పనితనంతోనే.

అందుకే ప్రభుత్వాలు మంచి ఉపాధ్యాయులను ముందు ఒకటి, రెండు తరగతులకు పంపాలని నా గట్టి అభిప్రాయం. వయసును బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి రోజూ కాసేపు పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి నేర్పే పద్ధతి పిల్లల చదువు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ చేతుల్లో ఫలితమిచ్చింది. దానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. అది జరగకపోతే, ఆ పిల్ల అయిదో తరగతిలో లెక్క రాక కాదు, లెక్కలోని వాక్యం అర్థంకాక ఆగిపోతుంది. ఇరవై ఏళ్ల తర్వాత అప్పు కాగితంలో వడ్డీ షరతు దగ్గర, ఇందులో ఏం రాశారని పక్కవాళ్లను అడుగుతుంది.