గురక ఆగినప్పుడే భయపడాలి

అనంతపురంలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ వేసవి అంతా ఒకే సందేశం చుట్టాల ఇళ్లలో పిల్లలా తిరిగింది. సారాంశం ఇది: గురక జబ్బు కాదు, గాఢనిద్రకు గుర్తు. అయినా ఇబ్బందిగా ఉంటే ఈ అయస్కాంతపు క్లిప్పు ముక్కుకు పెట్టుకోండి, ఏడు రాత్రుల్లో మాయం. లేదా నోటికి టేపు వేసుకోండి, ముక్కులో నాలుగు చుక్కల ఆవునెయ్యి పోసుకోండి, శంఖం ఊదండి. నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషను జోలికి మాత్రం పోవద్దు, అది డాక్టర్ల వ్యాపారం.

మా చిన్నాయన దీన్ని మూడుసార్లు పంపాడు. ఆయన లారీ డ్రైవరు. 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు నుంచి హైదరాబాదుకు, ఎక్కువగా రాత్రిళ్లు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

మొదట ఆ గాఢనిద్ర సంగతి. ఎండాకాలం మిద్దె మీద వరుసగా చాపలు పరుచుకుని పడుకున్నవాళ్లకు గురకల్లో రకాలు తెలుసు. మా తాతది రాత్రంతా ఒకే తీరుగా సాగేది. చిన్నాయనది అలా కాదు. పెరిగి పెరిగి చటుక్కున ఆగిపోయేది. పిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. పన్నెండు, పదిహేను, ఒక్కోసారి ఇరవై. అప్పుడు గొంతులో ఏదో తెగినట్టు పెద్ద చప్పుడుతో మళ్లీ మొదలు. పడీపడీ నవ్వేవాళ్లం. మేము లెక్కపెట్టింది ఆయనకు ఊపిరి ఆడని సెకన్లని ఎవరికి తెలుసు?

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. గాలి దారి ఇరుకవుతుంది. అంగిటి వెనుక మెత్తటి భాగం, కొండనాలుక ఆ గాలికి అదురుతాయి, గురక అదే. దారి పూర్తిగా మూసుకుపోతే చప్పుడూ ఉండదు, ఎందుకంటే గాలే లేదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయి మెదడు ఉలిక్కిపడితేనే గొంతు మళ్లీ తెరుచుకుంటుంది. దీని పేరు స్లీప్ ఆప్నియా. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగినా, బాగా తగ్గినా ఒకటిగా లెక్కిస్తారు. గంటకు 5 లోపు మామూలే. 15 నుంచి 30 మధ్యస్థం, ఆపైన తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకొకసారి. అలా రాత్రంతా ఎవరైనా తట్టి లేపితే దాన్ని గాఢనిద్ర అంటామా? గురక పెట్టే అందరికీ ఈ జబ్బు ఉండదు, నిజమే. మా తాతకు ఉండి ఉండదు.

పగటి మత్తును కొలవడానికి ఎప్‌వర్త్ స్కేలు అని 8 ప్రశ్నల పట్టిక ఉంది. 24 మార్కులకు 10 దాటితే డాక్టరును కలవాలి. చిన్నాయనకు ఫోనులోనే మార్కులు వేశాను. ‘కూర్చుని ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు కునుకు వస్తుందా?’ అన్న ప్రశ్నకు కాసేపు జవాబు రాలేదు. మొత్తం 17 వచ్చాయి.

ఇక క్లిప్పు. అందులోని అయస్కాంతం చేసే పని ఒక్కటే, క్లిప్పు కింద పడకుండా పట్టుకోవడం. ఇరుకు ఉన్నది గొంతులో, క్లిప్పు ఉన్నది ముక్కు చివర. ముక్కు దిబ్బడతో గురక వచ్చేవారికి ముక్కుపై అతికించే పట్టీలు కొంత హాయినిస్తాయి, అంతవరకే. నోటికి టేపు ఇంకా ప్రమాదం: ముక్కు మూసుకుపోయిన రాత్రి మిగిలిన ఒక్క దారికీ తాళం వేసినట్టే. నెయ్యి మాటకొస్తే, రోజూ పడుకోబోతూ ముక్కులో పోసుకునే కొవ్వు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెప్పించగలదు. నెయ్యిని సంగటిలో వేసుకుందాం.

శంఖం దగ్గర మాత్రం సందేశం పూర్తిగా అబద్ధమాడలేదు. జైపూర్‌లో 30 మంది మధ్యస్థ ఆప్నియా రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. శంఖం ఊదినవారికి పగటి మత్తు తగ్గింది, ఊపిరి ఆగడం గంటకు నాలుగైదు చొప్పున తగ్గింది. గొంతు కండరాలకు అది కసరత్తు. కానీ ఊదింది ఆరు నెలలు, వారానికి ఐదు రోజులు, పూటకు కనీసం పావుగంట. గంటకు 25 ఉన్నవాడు ఐదు తగ్గించుకున్నా ఇంకా 20 ఉంటాయి. సందేశంలో శంఖం ఉంది, ఈ తీసివేత లేదు.

చివరిది, అన్నిటికంటే చెడ్డది, మిషను మీద మాట. సీప్యాప్‌ను ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివాన్ 1981లో లోకానికి పరిచయం చేశాడు. అది ఇచ్చేది గదిలోని మామూలు గాలినే, కొంచెం ఒత్తిడితో. ఆ ఒత్తిడి గొంతును మూసుకుపోకుండా నిలబెడుతుంది. ‘ఒకసారి పెడితే అలవాటైపోతుంది’ అంటాడు చిన్నాయన. టైరులో గాలికి లారీ అలవాటు పడిందని ఎవరైనా అంటారా? గాలి తీసేస్తే కూలబడుతుంది, అంతే. వ్యాపారం అసలే లేదనను. మిషను ఖరీదే, మాస్కు చిరాకు పెడుతుంది, కొని అటక మీద పడేసినవారూ ఉన్నారు. అందరికీ అది అవసరమూ కాదు. జబ్బు తక్కువగా ఉంటే పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం, కింది దవడను ముందుకు పట్టి ఉంచేలా దంతవైద్యుడు చేసిచ్చే పరికరం పనిచేయవచ్చు. బరువు పదో వంతు తగ్గితే ఊపిరి ఆగడం నాలుగో వంతు దాకా తగ్గుతుందని ఏళ్ల తరబడి సాగిన అమెరికా పరిశీలన చెబుతోంది. ఎవరికి ఏది అన్నది ఒక రాత్రి నిద్ర పరీక్ష తేలుస్తుంది. ఆ పరీక్ష ఊసు ఆ సందేశంలో ఎక్కడా లేదు.

పరీక్షకు వెళ్లేముందు ఇంట్లోవాళ్లు ఫోనులో ఒక రాత్రి గురక రికార్డు చేస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం. చిన్నమ్మను అడిగితే నిన్న పంపింది. మొదటి పది నిమిషాల్లోనే నాలుగుసార్లు నిశ్శబ్దం. ఒకటి 22 సెకన్లు. క్లిప్పు పెట్టుకునే పడుకున్నాడట.