జీతం మీద పన్ను పోతే నాకు లాభమే, అయినా నేను ఒప్పుకోను

మొన్న శనివారం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో తెలిసినవాళ్ళింట్లో భోజనాలయ్యాక మాటలు టాక్సుల మీదికి మళ్ళాయి. టాక్స్ లెక్కలు దాఖలు చేయడానికి గడువైన ఏప్రిల్ 15 దగ్గరపడుతుంటే మన ఇళ్ళలో ఇది మామూలే. "ఇన్‌కమ్ టాక్స్ మొత్తం ఎత్తేసి, కొన్న వస్తువు మీదే ఒక్క టాక్స్ పెడితే ఏ గొడవా ఉండదు కదా వదినా" అన్నాడొక తమ్ముడు. చుట్టూ ఉన్న పదిమందీ అవునన్నారు. నేను ఒక్కదాన్నే కాదన్నాను. అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అతను చెప్పేది ఫెయిర్ టాక్స్ గురించి. 1999లో జార్జియాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు జాన్ లిండర్ మొదట తెచ్చిన బిల్లు ఇది. ఆ తర్వాత మళ్ళీమళ్ళీ పెడుతూనే ఉన్నారు. ఇన్‌కమ్ టాక్స్, కంపెనీల టాక్స్, పెద్దవయసు పింఛనుకీ వైద్యానికీ జీతంలోంచి పోయే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు అన్నీ తీసేసి, వాటి బదులు దేశమంతా ఒకే సేల్స్ టాక్స్ పెడతారు. టాక్సులు వసూలు చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్ఎస్‌ని కూడా రద్దు చేస్తారు. వినడానికి బాగుంటుంది, నేను కాదనను.

ముందు ఆ 23 శాతం సంగతి చూడండి. బిల్లులో ఉన్న రేటు అదే. కానీ మనకి అలవాటైన లెక్క అది కాదు. టెక్సాస్‌లో 100 డాలర్ల వస్తువు మీద 8.25 శాతం అంటే 108 డాలర్ల పాతిక సెంట్లు కడతాం. ఫెయిర్ టాక్స్‌లో అదే 100 డాలర్ల వస్తువుకి 130 ఇవ్వాలి. ఆ 130లో 30 డాలర్లు టాక్స్ కాబట్టి దాన్ని 23 శాతం అంటున్నారు. మన లెక్కలో అది 30 శాతం. దాని పైన రాష్ట్రం టాక్స్ మామూలుగానే ఉంటుంది. పాలూ కూరగాయలూ, డాక్టర్ ఫీజు, ఇంటి అద్దె, కొత్తగా కట్టిన ఇల్లు, అన్నిటి మీదా ఈ టాక్స్ పడుతుంది. పైగా ఆ రేటు సరిపోతుందన్న భరోసా కూడా లేదు. 2005లో బుష్ వేసిన టాక్స్ సంస్కరణల కమిటీ, ఒక్క ఇన్‌కమ్ టాక్స్ స్థానంలో సేల్స్ టాక్స్ పెట్టాలన్నా మన లెక్కలో కనీసం 34 శాతం కావాలని తేల్చి, ఆ దారి వద్దంది.

ఇప్పుడు రెండు కుటుంబాల్ని తీసుకోండి. ఒకరికి ఏడాదికి లక్ష డాలర్లు వస్తుంది, అద్దెకీ తిండికీ పిల్లల డేకేర్‌కీ మొత్తం ఖర్చయిపోతుంది. ఇంకొకరికి, అంటే మనలాంటి ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళకి, 3 లక్షలు వస్తే లక్షా ఇరవై వేలు ఖర్చుపెట్టి మిగతాది దాచుకుంటారు, లేదా ఇండియాలో ఫ్లాట్‌కి పంపుతారు. మొదటి కుటుంబానికి టాక్స్ 23,000. రెండో కుటుంబానికి 27,600. మూడు రెట్ల సంపాదన, కట్టేది మాత్రం 4,600 ఎక్కువ. మనలో చాలామందికి ఇది నచ్చడానికి కారణం ఇదే. కానీ మన పిల్లల్ని డేకేర్‌లో చూసుకునే ఆవిడ ఈ లెక్కలో ఎక్కడుందో కూడా చూడాలి కదా.

పేదవాళ్ళకి ప్రీబేట్ ఉంటుందంటారు. నిజమే, ప్రతి కుటుంబానికీ నెలనెలా ఎంతో కొంత ముందే పంపుతారు, బాగా కింద ఉన్నవాళ్ళకి అది నిజంగా ఊరట. దెబ్బ తగిలేది మధ్యలో ఉన్నవాళ్ళకి. నలభై ఏళ్ళు జీతం మీద టాక్స్ కట్టి, మిగిలింది దాచుకుని రిటైర్ అయినవాళ్ళకి మరీనూ. వాళ్ళు ఆ డబ్బు తీసి మందులు కొన్నా మళ్ళీ టాక్సే.

మనవాళ్ళు గమనించని ఇంకో మాట. ప్రీబేట్ కావాలంటే కుటుంబంలో ప్రతి మనిషికీ సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి. భర్త ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే హెచ్-4 మీద వచ్చి, పని చేసుకునే అనుమతి లేక, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్ళకి ఇచ్చే టాక్స్ నంబర్ ఐటిన్‌తో నెట్టుకొస్తున్న మన ఆడవాళ్ళు ఎంతమంది లేరు? కొన్న ప్రతిదాని మీదా టాక్స్ కడతారు, ప్రీబేట్ లెక్కలో మాత్రం వాళ్ళుండరు. ఈ మాట చెప్పినప్పుడు ఆ రోజు అక్కడ ఇద్దరు ముగ్గురు నిజంగా ఆలోచనలో పడ్డారు.

వసూలు సంగతీ ఉంది. మన జీఎస్టీలో ప్రతి దశలో టాక్స్ కట్టి, ముందు దశలో కట్టింది తగ్గించుకుంటారు, కాబట్టి చివర్లో ఒకడు ఎగ్గొట్టినా అంతా పోదు. అయినా మన ఊళ్ళలో "బిల్లు వద్దంటే తగ్గించి ఇస్తాం" అనే మాట వినని వాళ్ళెవరు? ఫెయిర్ టాక్స్‌లో మొత్తం టాక్స్ ఆఖరి దుకాణం దగ్గరే వసూలు చేయాలి, అదీ 30 శాతం. ఎగ్గొట్టాలని ఎంత ఆశ పుడుతుందో ఊహించుకోండి.

ఫైలింగ్ టెన్షన్ నాకూ ఉంది. ప్రతి ఏడూ కంపెనీ ఇచ్చే జీతం కాగితాలు డబ్ల్యూ-2లు, ఇండియా బ్యాంకు వడ్డీలు పట్టుకుని రెండు వారాంతాలు పోగొట్టుకుంటాను. కానీ ఆ బాధకి మందు వేరే ఉంది. 2024లో ఐఆర్ఎస్ డైరెక్ట్ ఫైల్ అని ఉచితంగా నేరుగా ఫైల్ చేసుకునే పద్ధతి 12 రాష్ట్రాల్లో మొదలుపెట్టింది, అందులో మన టెక్సాస్ కూడా ఉంది. 2025 తర్వాత దాన్ని ఆపేశారు. కాంగ్రెస్‌లో మన ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేసి ఏదైనా అడగాలనుకుంటే, నేను అడిగేది దాన్ని తిరిగి తెమ్మనే.