టెన్త్ రాగానే ఆట ఎందుకు ఆగాలి?

2022 ఆగస్టులో మహాబలిపురం చెస్ ఒలింపియాడ్‌కి గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక నిండు గర్భంతో వచ్చి బోర్డు ముందు కూర్చుంది. తొమ్మిదో నెల. "ఈ టైములో ఆటలేంటమ్మా" అనే మాట మన ఇళ్లలో ఎంత తేలిగ్గా వస్తుందో అందరికీ తెలుసు. ఆమె ఆడింది, జట్టుకు కాంస్యం వచ్చింది, అదే నెలలో పాప పుట్టింది. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది.

విజయవాడ కోనేరు హంపి 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. 2017లో బిడ్డ పుట్టాక ఆటకు దూరమైతే, ఇక మునుపటి హంపిని చూడలేమనుకున్నాం. 2019లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ (తక్కువ టైములో ముగించే ఆట) టైటిల్ గెలిచింది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో, 37 ఏళ్ల వయసులో, మొదటి రౌండ్ ఓడిపోయి కూడా అదే టైటిల్‌ని మళ్లీ పట్టుకొచ్చింది.

ఇలాంటి వార్తలన్నీ మనం "పెళ్లయినా", "తల్లయినా" అంటూ మొదలుపెడతాం. నాకు కోపం తెప్పించేది ఆ "అయినా". మగవాడికి బిడ్డ పుడితే స్వీట్లు తింటాం. ఆట ఎప్పుడు మానేస్తావని అతన్ని ఎవరూ అడగరు.

అసలు అంతదాకా నిలబడే ఆడపిల్లలే తక్కువ. చాలామందికి ఆట టెన్త్‌లోనే ముగుస్తోంది. మా వీధిలో ఒక పాప రోజూ తెల్లారకముందే నాన్న బండి మీద గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియానికి పరుగు ప్రాక్టీస్‌కి వెళ్లేది. పదో తరగతి మొదలైన నెలలోనే ఆపించేశారు. "ఎండలో నల్లబడిపోతోంది, మార్కులు కూడా తగ్గాయి" అన్నారు వాళ్లమ్మ. నల్లబడటం ముందు, మార్కులు తర్వాత!

తల్లిదండ్రుల భయం ఉత్తిది కాదు. మోకాలు దెబ్బతింటే ఆట పోతుంది, చదువు లేకపోతే బతుకుతెరువు కష్టం. కానీ విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ ఇంజనీరింగ్ కూడా చదివింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏకంగా మూడు స్వర్ణాలు తెచ్చింది. అప్పటికి ఆమె ఆడే కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగం ఒలింపిక్స్‌లోనే లేదు, 2028లో మిక్స్‌డ్ టీమ్‌తో తొలిసారి వస్తోంది. ఒలింపిక్స్‌లో లేని ఆటకి అన్నేళ్లు ఎందుకని ఆమె ఇంట్లోవాళ్లు లెక్కలు వేసుకుని ఉంటే?

చదువు, ఆట రెండూ కుదరవని పిల్లలకు నేర్పింది మన గుంటూరు, విజయవాడల్లో పెరిగిన రెసిడెన్షియల్ ఇంటర్ వ్యాపారం. నాలుగంతస్తుల భవనం, కిటికీలకు గ్రిల్స్, పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. గ్రౌండ్ ఎక్కడంటే పార్కింగ్ చూపిస్తారు. 15 నుంచి 17 ఏళ్ల మధ్య శరీరం గట్టిపడే వయసు. ఆ రెండేళ్లు పిల్లని కుర్చీకి కట్టేసి, ఆ తర్వాత పతకాలు ఎందుకు రావట్లేదని టీవీల్లో చర్చలు పెడతాం. ఇంటర్ కాలేజీకి అనుమతి ఇచ్చే అధికారులు ముందు అడగాల్సింది ర్యాంకులు కాదు, పిల్లలు పరుగెత్తే స్థలం. అది లేని భవనానికి తాళం వేయాలి.

మా వీధిలోని ఆ పాప ఇప్పుడు అలాంటి హాస్టల్‌లోనే ఉంది. స్పైక్ బూట్లు ఇంకా వాళ్లింటి అటక మీదే ఉన్నాయి.